శారద గారి సినిమాల వెంట: ఒట్టపాలం నుంచి తిరువనంతపురం దాకా

శబరి ఎక్స్‌ప్రెస్ తెనాలిలో ఆగగానే అమ్మ కిటికీ వైపు జరిగి, "ఊర్వశి శారద ఊరు ఇదేరా" అంది. మేం బయల్దేరిందీ ఒకరకంగా ఆవిడ కోసమే. తెనాలిలో పుట్టిన శారద గారికి మూడుసార్లు జాతీయ ఉత్తమ నటి అవార్డు వస్తే, అందులో రెండు మలయాళ సినిమాలకే: 1968లో 'తులాభారం', 1972లో ఆదూర్ గోపాలకృష్ణన్ తీసిన 'స్వయంవరం'. మూడోది మన 'నిమజ్జనం'. అమ్మ ఈ వయసులో సబ్‌టైటిల్స్ చదవలేక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మరీ ఆ సినిమాలు చూసింది.

మన పాత సినిమాలు ఎక్కువగా మద్రాసు స్టూడియోల్లోనే తయారయ్యాయి. విజయా వాహినీ ఉన్నచోట ఇప్పుడు ఆసుపత్రి, మాల్ ఉన్నాయి. మలయాళం వాళ్లు కూడా చాలాకాలం మద్రాసు మీదే ఆధారపడ్డారు. కానీ వాళ్ల గొప్ప సినిమాల్లో చాలా వాటికి సెట్లు వెయ్యలేదు. ఉన్న ఇంట్లోనే, ఉన్న ఏటి ఒడ్డునే తీశారు. అందుకే వెళ్లి చూడ్డానికి ఇంకా ఏదో ఒకటి మిగిలి ఉంది.

మర్నాడు పొద్దున పాలక్కాడ్‌లో దిగి ఒట్టపాలం వెళ్లాం. భారతప్పుళ నది పక్కనే ఉన్న ఈ చిన్న ఊళ్లో రెండు రాత్రులు ఉన్నాం. హోమ్‌స్టే గది రోజుకి 1,800. ఏసీ లేదు, అవసరం కూడా పడలేదు. పొద్దున్నే పుట్టు (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి), శనగల కూర పెట్టేవాళ్లు. ఆ ఇంటి పెద్దావిడకీ అమ్మకీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా 'శారద' అన్న ఒక్క పేరుతో గంటసేపు కబుర్లు చెప్పుకున్నారు. ఈ యాత్రలో బస అంటే నాకు గుర్తుండేది ఇదే.

అక్కడికి దగ్గర్లోనే మనిస్సేరిలో వరిక్కాశ్శేరి మన ఉంది. 'మన' అంటే కేరళ బ్రాహ్మణులైన నంబూద్రిల ఇల్లు. 1993లో ఐ.వి. శశి 'దేవాసురం'లో మోహన్‌లాల్ పోషించిన మంగళశ్శేరి నీలకంఠన్ ఇల్లు ఇదే. టికెట్ నామమాత్రం. కానీ షూటింగ్ ఉంటే లోపలికి పంపరు, అందుకే ముందు రోజే కనుక్కుని వెళ్లండి. మేం వెళ్లిన రోజు ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ లేరు. ముందు వసారాని వాళ్లు పూముఖం అంటారు. అరికాలికి ఆ నేల చల్లగా తగిలింది. మూడంతస్తుల ఇల్లు, లోపలంతా మసక వెలుతురు, మాట్లాడితే గొంతు తిరిగి మనకే వినిపిస్తుంది.

అమ్మ మాత్రం చెరువు మెట్ల దగ్గరే కూర్చుండిపోయింది. ఆమెకి 1981 నాటి 'ఎలిప్పత్తాయం' గుర్తొచ్చింది. ఆ సినిమాకీ ఈ ఇంటికీ సంబంధం లేదు. అయినా ఇలాంటి పెద్ద ఇంట్లోనే, కాలు బయట పెట్టలేని అన్నకి చాకిరీ చేస్తూ అరిగిపోయిన చెల్లెలు రాజమ్మగా శారద గారు చేశారు. బోనులో పడ్డ ఎలకని చెరువు నీళ్లలో ముంచే దృశ్యం చూసినవాళ్లకి ఆ మెట్ల మీద మాట పెగలదు. లండన్‌లో సదర్లాండ్ ట్రోఫీ తెచ్చుకున్న సినిమా అది. భూసంస్కరణల తర్వాత కూలిపోతున్న జమీందారీ ఇంటిని అంత దగ్గరగా చూపించిన సినిమా నేను వేరేది చూడలేదు.

తర్వాత త్రిశూర్. అక్కణ్ణుంచి బస్సులో త్రిప్రయార్, ఆటోలో నాట్టిక బీచ్. 1965లో రాము కారియాట్ 'చెమ్మీన్' తీసింది ఇక్కడే. దక్షిణాది సినిమాకి మొట్టమొదటి రాష్ట్రపతి స్వర్ణ పతకం తెచ్చింది అదే. దానికి కెమెరా పట్టింది మన 'మాయాబజార్'లో వెన్నెల కురిపించిన మార్కస్ బార్ట్‌లీ! స్టూడియోలో వెన్నెల సృష్టించిన మనిషి ఇక్కడ నిజం సముద్రాన్ని రంగుల్లో పట్టుకున్నాడు. బీచ్‌లో ఆ సినిమా గురించి చెప్పే బోర్డు నాకైతే కనిపించలేదు. సినిమా తెలియకపోతే మామూలు బీచే. తెలిస్తే మాత్రం సాయంత్రం దాకా కదలబుద్ధి కాదు.

ఎర్నాకుళం మాకు కలిసిరాలేదు. ఫొటోల్లో కాయల్ (బ్యాక్‌వాటర్స్) వ్యూ చూసి హోటల్ గది తీసుకుంటే కిటికీ తెరవగానే జనరేటర్. ఇద్దరికని బుక్ చేసినా అమ్మ మంచానికి విడిగా డబ్బులు కట్టించుకున్నారు. త్రిప్పూణిత్తుర హిల్ ప్యాలెస్‌కి సోమవారం వెళ్లాను, అది సెలవు రోజు. తప్పు నాదే. మంగళవారం చూశాం. తమిళం నుంచి మనకి డబ్ అయి వచ్చిన 'చంద్రముఖి'కి మూలమైన 'మణిచిత్రతాళు' కొంత ఇక్కడే తీశారు. మ్యూజియంగా చాలా బాగుంది, కానీ ఒట్టపాలంలో లాగా సినిమా మనసుకి తగల్లేదు.

తిరువనంతపురంలో తంపానూర్ దగ్గర దిగితే స్టేషన్‌కి నడక దూరంలోనే ప్రభుత్వ థియేటర్లు కైరళి, శ్రీ, నిళ ఉన్నాయి. డిసెంబరులో జరిగే కేరళ అంతర్జాతీయ చలనచిత్రోత్సవం (ఐఎఫ్ఎఫ్‌కే) సినిమాలు అక్కడా వేస్తారు. మేం జనవరిలో వెళ్లి అది పోగొట్టుకున్నాం. మీరు డిసెంబరులోనే పెట్టుకోండి, డెలిగేట్ పాస్ ముందే తీసుకోండి.

చివరి రోజు వెళ్లాయణి వైపు 'కిరీడం' వంతెన చూడ్డానికి వెళ్లాం. 1989లో సిబి మలయిల్ సినిమాలో కనిపించిన చిన్న వంతెన అది. అసలు పేరు ఏదైనా, అందరూ పిలిచేది మాత్రం కిరీడం పాలం (వంతెన) అనే. దారి అడగనక్కర్లేకుండానే ఆటో చేట్టన్ (అన్న) తీసుకెళ్లి దింపాడు. ఇంజిన్ ఆపి, మోహన్‌లాల్ ఎక్కడ నిలబడ్డాడో చేత్తో చూపించి, మమ్మల్నీ అక్కడే నిలబెట్టి ఫొటో తీశాడు. వెయిటింగ్‌కి డబ్బులిస్తే తీసుకోలేదు.