వరిగడ్డితో ఇథనాలా, గోబర్ గ్యాసా: మనవైపు ఏది మేలు?

ఒడిశాలో మన పర్లాకిమిడి, గుణుపూర్ వైపు కోత మెషిన్లు వచ్చాక గడ్డి పొలంలోనే పడి ఉంటోంది. కూలి పెట్టి ఏరించలేక కొందరు తగలబెట్టేస్తున్నారు. చూస్తే బాధేస్తుంది. ఆ గడ్డిలో సుమారు మూడో వంతు సెల్యులోజ్, అంటే మొక్కల్లో ఉండే పీచు పదార్థం. దాన్ని తినే బాక్టీరియా ఉన్నంతవరకు అది ఇంధనమే.

పెట్రోల్‌లో కలిపే ఆల్కహాల్ అయిన ఇథనాల్ పేరు గట్టిగా వినిపిస్తోంది. 2022 ఆగస్టు 10న జాతికి అంకితమైన హర్యానాలోని పానిపట్ ఇథనాల్ ఫ్యాక్టరీ లెక్క ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డి, సుమారు 3 కోట్ల లీటర్ల ఇథనాల్. అంటే టన్నుకు 150 లీటర్లు. మామూలుగా అయితే గడ్డిని ముందు వేడితో, రసాయనాలతో మెత్తబరచాలి. తర్వాత ఎంజైములతో (పీచును విడగొట్టే జీవ పదార్థాలతో) చక్కెరగా మార్చి, పులియబెట్టి, బట్టీలో కాచి ఇథనాల్‌ను ఆవిరిగా వేరుచేయాలి. అడుగడుగునా ఖర్చే. క్లోస్ట్రిడియం థర్మోసెల్లమ్ అనే బాక్టీరియా 60 డిగ్రీల వేడిలో సెల్యులోజ్‌ను తానే విడగొట్టి, తానే ఇథనాల్ చేస్తుంది. నాకు దీనిమీద చాలా ఆశ ఉంది. కానీ ఇథనాల్ పలచగా వస్తుంది, ఎసిటిక్ ఆమ్లమూ కలుస్తుంది. పలచగా ఉంటే బట్టీకి మంట ఎక్కువ కావాలి.

పేడతో, గడ్డితో చేసే గోబర్ గ్యాస్‌లోనూ సెల్యులోజ్ తినే బాక్టీరియాదే మొదటి పని. ఆ తర్వాత వేరే సూక్ష్మజీవులు మీథేన్ అనే మండే వాయువు చేస్తాయి. బట్టీ అక్కర్లేదు, గ్యాస్ దానంతటదే పైకి వస్తుంది. 25 కిలోల పేడకు దాదాపు ఒక ఘనపు మీటరు గ్యాస్, అంటే సిలిండర్ గ్యాస్ లెక్కలో 430 గ్రాములు. చలికాలంలో తగ్గుతుంది, కొండ ఊళ్లలో మరీను.

కొండల మధ్య ముక్కలు ముక్కలుగా ఉన్న మన మడుల నుంచి లక్షల టన్నులు పోగుచేసి లారీలకెత్తడం గిట్టుబాటు కాదు. హీరాకుద్ కాలువ కింద వరి పండే బర్గఢ్ లాంటి చోట్ల ఇథనాల్ సరే. ఇంట్లో రెండు మూడు పశువులున్న రైతుకు మాత్రం గ్యాసే మేలని నా గట్టి నమ్మకం. గ్యాస్ పోగా మిగిలిన స్లర్రీ (చిక్కటి పేడనీరు) తిరిగి పొలానికే ఎరువవుతుంది. ఫ్యాక్టరీకి పంపిన గడ్డితో ఆ సారం ఊరు దాటిపోతుంది.

ఒక్క జాగ్రత్త. గ్యాస్ తొట్టిలో గడ్డి ఒక్కటే వేస్తే బాక్టీరియాకు నత్రజని చాలదు, పైగా తేలి మీద అట్ట కడుతుంది. సన్నగా తరిగి, పేడనీళ్లలో కొన్నాళ్లు నానబెట్టి, పేడతో కలిపి కొద్దికొద్దిగా వేయాలి.