పలెర్మోలో ఒక బజ్జీల కొట్టు

ఇటలీలోని సిసిలీ యాత్రలో పలెర్మోకు మేము నాలుగు రోజులు కేటాయించుకున్నది మోన్రియాలే చర్చిలోని బంగారు మొజాయిక్‌ల కోసమే అయినా, తిరిగి వచ్చాక ఇంట్లో అందరం ముందుగా తలచుకునేది మాత్రం బల్లరో సంత పక్క సందులోని ఒక చిన్న కొట్టునే. నూనెలో వేయించిన తినుబండారాలు మాత్రమే అమ్మే ఇటువంటి చోటును అక్కడ ‘ఫ్రిజ్జితోరియా’ అంటారు. మన మాటలో అది అచ్చంగా బజ్జీల కొట్టు.

పలెర్మో చెంత్రాలే రైల్వే స్టేషను నుంచి బల్లరోకు పది నిమిషాల నడక. కూరగాయల వాళ్లు రాగం తీస్తూ సరుకు పేర్లు అరిచే కేకలను స్థానికులు ‘అబ్బన్నియాతా’ అంటారు; ఆ కేకలూ, కార్మినే చర్చి రంగుపలకల గుమ్మటమూ దారి చూపిస్తాయి కాబట్టి ఫోనులో మ్యాపు చూసుకోవలసిన అవసరం రాలేదు. కొట్టులో రెండు బాణళ్లు, ఒక గాజు పెట్టె, గోడకు ఆనించిన ఎత్తు బల్ల ఉన్నాయి. కుర్చీలు లేవు. నలుగురు నిలబడితే ఐదో మనిషి వీధిలోనే ఉండాలి.

అక్కడ అసలు తినవలసినది పానెల్లే. శనగపిండిని చల్లటి నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, ఉప్పు వేసి, అడుగంటనివ్వకుండా కర్రతో తిప్పుతూ ఉడికిస్తారు. పూరీల్లోకి మనం చేసుకునే బొంబాయి చట్నీని పొయ్యి మీద మరిచిపోతే ఎంత గట్టిపడుతుందో అంత గట్టిపడ్డాక, తరిగిన పార్స్‌లీ ఆకు కలిపి, చల్లారేలోపు పలుచగా పరిచి ముక్కలు చేస్తారు. మేము వెళ్లిన ఉదయం వెనక గదిలో ఆ పని జరుగుతూనే ఉంది. ముద్దను పలక మీద వేసి, వెడల్పాటి కత్తితో రెండే ఊపుల్లో అట్టముక్క మందానికి సర్దేసిన ఆ పెద్దాయన చేతివాటం చూసి, మైసూరుపాకు పళ్లెంలో పోసేటప్పుడు తాను పడే తొందర గుర్తొచ్చిందని మా అమ్మ అన్నది. ఒక ముక్క నోట్లో వేసుకున్నాక ఆవిడ తేల్చిన విషయం ఇంకా విలువైనది: “ఇది మన బజ్జీ కాదురా, పిండి ముందే ఉడికిపోయింది కదా, నూనె పని పైపొర వరకే. అందుకే లోపల వెన్నలా ఉంది.”

ఆ మాట నిజం. వామూ కారమూ లేని శనగపిండి చప్పగా ఉంటుందేమోనని అనుమానించిన నేను, ఘాటు అక్కరలేదని రెండో ముక్కకే ఒప్పుకున్నాను. పైన పిండిన నిమ్మకాయా, చల్లిన మిరియాల పొడీ చాలు. నువ్వులు అద్దిన ‘మఫాల్దా’ అనే రొట్టెను చీల్చి, నాలుగైదు పానెల్లే దూర్చి ఇస్తారు. రొట్టెలో వేపుడు పెట్టడమేమిటని మొదట అనిపించినా, వడా పావ్ అలవాటున్నవారికి ఇందులో వింతేమీ లేదు. ఒక్కొక్కటి మూడు యూరోలలోపే పడింది. ఒక్కదానితో మధ్యాహ్న భోజనం అయిపోతుంది. అరబ్బులు 831లో పలెర్మోను గెలుచుకుని రెండు శతాబ్దాలకు పైగా ఏలారు కనుక, శనగపిండి వంటకం వారి కాలం నుంచే వచ్చిందని ఊళ్లో వారు చెప్పుకుంటారు.

పానెల్లేతో పాటు బంగాళాదుంప ముద్దలో ఆకు కలిపి వేలెడంత పొడవున వేయించిన ‘కాత్సిల్లి’ ఉంటాయి. అవి బాగున్నాయి కానీ, మనకు ఆలూ బోండా తెలుసు కనుక కొత్తగా అనిపించవు.

శాకాహారులు జాగ్రత్తపడవలసినది ‘అరంచీనా’ దగ్గర. నారింజ పండంత గుండ్రంగా ఉండే ఈ అన్నపు ముద్దను పలెర్మోలో స్త్రీలింగంగా అరంచీనా అనీ, కతానియాలో పుంలింగంగా అరంచీనో అనీ అంటారు. ఏది ఒప్పు అన్న తగవు రెండు ఊళ్ల మధ్య తెగేది కాదు. మాంసం కూరినది ఒకటి, ‘అల్ బుర్రో’ అంటే వెన్నతో చేసినది మరొకటి ప్రధానంగా దొరుకుతాయి. వెన్న కదా అని మేము రెండోదాన్ని అడగబోతుండగా, కొట్టు ఆయన మా అమ్మ కంచం వంక చూసి, చేయి అడ్డం పెట్టి, “ప్రొష్యుత్తో, సిన్యోరా” అన్నాడు. అందులో జున్నుతో పాటు పంది మాంసపు ముక్కలు వేస్తారు. అడగకుండానే చేసిన ఈ హెచ్చరికను నేను ఆ యాత్రలో దొరికిన అత్యుత్తమ సేవగా లెక్కిస్తాను. పానెల్లేకూ అరంచీనాకూ బాణళ్లు వేరని కూడా పట్టకారుతో చూపించాడు. అన్ని కొట్లలోనూ ఇలా ఉండదు. ‘స్త్రుత్తో’, అంటే పందికొవ్వు, వాడతారా అని ముందే అడగడం మంచిది.

మరునాటి సాయంత్రం వుచ్చీరియా అనే ఇంకో సంత వైపు వేరే కొట్టులో తిన్నాము. గాజు పెట్టెలో మిగిలినవాటినే వెచ్చబెట్టి ఇచ్చారు. చల్లారిన పానెల్లే తోలులా సాగుతుంది, దానికి ఏ నిమ్మకాయా సాయం చేయలేదు. కూర్చుని తినక తప్పనివారికి 1834లో మొదలైన ఆంతీకా ఫొకచ్చెరియా సాన్ ఫ్రాంచెస్కోలో బల్లలూ కుర్చీలూ ఉన్నాయి, అక్కడా పానెల్లే దొరుకుతుంది. నాకు మాత్రం నిలబడి తిన్నదే రుచించింది.

బస గురించి ఎక్కువ చెప్పుకోవడానికి లేదు. వీయా మక్వేదా అనే వీధి దగ్గర అద్దెకు తీసుకున్న గదులు శుభ్రంగానే ఉన్నాయి కానీ, నాలుగో అంతస్తుకు లిఫ్టు లేదన్న సంగతి ఇంటివారు ముందుగా తెలియజేయలేదు, అమ్మ మోకాళ్లకు ఆ మెట్లు శిక్షే అయ్యాయి. పెద్దవారితో వెళ్లేవారు ఆ ప్రశ్నను రాతపూర్వకంగా అడగాలి.

చివరి రోజు మోన్రియాలే నుంచి బస్సు దిగి మళ్లీ ఆ సందుకే వెళ్లాము. సాయంత్రం నాలుగైంది. పొయ్యి ఆర్పేసి, ఆ పెద్దాయన బాణలి తోముతున్నాడు. అమ్మను గుర్తుపట్టి, ఖాళీ గాజు పెట్టె వైపు చేయి చూపి, “దొమానీ” అన్నాడు, అంటే రేపు రమ్మని. మా విమానం మర్నాడు ఉదయం ఆరింటికి.