మా ఇంటికి వచ్చిన 1965 ఎమ్‌జీబీ: కొన్నది, నడిపింది, చూసింది

నల్గొండలో ఇరవై రెండేళ్లుగా ట్రాక్టర్ స్పేర్ పార్ట్స్ షాపు నడుపుతున్నాను. పోయిన సంక్రాంతి తర్వాత సికింద్రాబాద్‌లో ఒక పెద్దాయన దగ్గర 1965 ఎమ్‌జీబీ కొన్నాను. ఇంగ్లండు స్పోర్ట్స్ కారు, రెండు సీట్లు, పైకప్పు గుడ్డది. ధర బయట చెప్పనని ఆయనకి మాటిచ్చాను కాబట్టి అదొక్కటి రాయను.

చూడ్డానికి వెళ్లేటప్పుడు జేబులో అయస్కాంతం వేసుకుని వెళ్లాను. ఈ బండికి విడిగా ఛాసీ ఉండదు, బరువంతా బాడీయే మోస్తుంది. తలుపుల కింద ఉండే సిల్స్ తుప్పు పడితే బండి నడుం విరిగినట్టే. లప్పం పెట్టి పెయింటు కొడితే కంటికి కనబడదు, అయస్కాంతం మాత్రం అక్కడ అంటుకోదు. రెండు వైపులా చివరిదాకా జరిపాను, ఎక్కడా వదల్లేదు. తర్వాత జాకీ ఎత్తి తలుపులు తెరిచి మూశాను. సిల్స్ బలహీనంగా ఉంటే అప్పుడు తలుపు పట్టేస్తుంది. పట్టలేదు. "ఇంతమంది వచ్చారు గానీ, కింద పడుకుని చూసింది నువ్వే బాబూ" అన్నారు పెద్దాయన. ఆ తర్వాత ఆయిల్ ఎక్కడ కారుతుందో, ఏ మీటరు తప్పు చూపిస్తుందో అన్నీ ఆయనే చెప్పారు. అమ్మే మనిషి అలా ఉండాలి.

కొన్న బండితో తెల్లవారుజామున ఐదున్నరకి సికింద్రాబాద్ నుంచి నల్గొండకి బయల్దేరాం. పక్క సీట్లో మా షాపు పక్కన ట్రాక్టర్లు బాగుచేసే మామ. కీ తిప్పగానే వెనక నుంచి టిక్ టిక్ టిక్ అని వినిపిస్తుంది. అది ఎస్‌యూ కంపెనీ పెట్రోలు పంపు. కార్బురేటర్లు రెండూ నిండాక చప్పుడు నెమ్మదిస్తుంది. అప్పుడు చోక్ లాగి స్టార్ట్ చేయాలి. 1798 సీసీ ఇంజను, నాలుగు గేర్లు. మొదటి గేరుకి సింక్రోమెష్ (గేరు పళ్ల వేగం కలిపే ఏర్పాటు) లేదు. బండి పూర్తిగా ఆగకుండా వేస్తే పళ్లు అరుస్తాయి. ఎల్బీ నగర్ దాకా ఒకటే టెన్షన్.

హయత్‌నగర్ దాటాక రోడ్డు ఖాళీ అయింది. మీటరు మైళ్లలో ఉంటుంది, 50 అంటే మన 80. ఎంత కింద కూర్చుంటామంటే, పక్కన పోయే లారీ చక్రం నట్లు నా చెవి ఎత్తులో తిరుగుతున్నాయి. స్టీరింగ్ బరువే కానీ, వేలెడు తిప్పితే వేలెడే తిరుగుతుంది. చలిగాలి, ఆ సైలెన్సర్ గొంతు, చేతికి తెలిసే రోడ్డు... ఆ అరగంట కోసమే ఈ బండి కొన్నానని చెప్పగలను.

చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేట్ దాటిన కాసేపటికి ఇంజను ఆగిపోయింది. కీ తిప్పితే టిక్ టిక్ లేదు. మామ కిందకి దూరి, పంపును స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టాడు. వెంటనే టిక్ టిక్. చిట్యాలలో టీ తాగుతూ మూత విప్పి చూస్తే లోపల కరెంటు కలిపే పాయింట్లు నల్లబడి ఉన్నాయి. ఎమరీ పేపరుతో రుద్దాం. అమ్మే ముందు సర్వీసు చేసిన గ్యారేజీ బిల్లులో "పంపు కొత్తది" అని ఉంది, పెద్దాయన డబ్బు కట్టారు కూడా. ఉన్నది పాతదే, పైన పెయింటు వేశారు. పార్టులు అమ్మి బతికేవాణ్ణి, ఆ మోసం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

సంతోషం ఏమిటంటే, పాత మాసీ ట్రాక్టర్లకి వాడే అంగుళాల పానాలే దీనికీ సరిపోతున్నాయి. హాఫ్ ఇంచ్, సెవన్ బై సిక్స్‌టీన్, నైన్ బై సిక్స్‌టీన్ ఉంటే చాలా పని అయిపోతుంది. పార్టులకి కూడా భయం లేదు. 1962 నుంచి 1980 వరకు ఐదు లక్షలకి పైగా తయారైన మోడల్ ఇది, ఇంగ్లండులో ఇప్పటికీ అన్నీ దొరుకుతాయి. కస్టమ్స్ సుంకమే భారం.

కొనేవాళ్లు గుర్తుంచుకోండి: 1967కి ముందు వాటిలో బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి ఉంటుంది. అలవాటు కొద్దీ ఫోను చార్జరో, పాటల సెట్టో కలిపితే కాలిపోతుంది. ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు పైపులు పాడవుతాయి, ముందు అవి మార్చండి. కాగితాల విషయానికొస్తే, నా బండికి పాత రిజిస్ట్రేషనే రెన్యూవల్ అయి ఉంది. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి 'వీఏ' సిరీస్ నంబరు తీసుకుంటే, రోజూ తిప్పుకోవడానికి వీల్లేదు. ర్యాలీ, ప్రదర్శన, రిపేరు, పెట్రోలు లాంటి వాటికే.

ఈ బండి తయారైన ఏడాది మా నాన్న నాగార్జునసాగర్ డ్యామ్ పనుల్లో లారీ క్లీనరు. ఇంటికి తేగానే చుట్టూ తిరిగి, బానెట్ మీద చెయ్యి పెట్టి, "వేడెక్కలేదు, మంచిగుంది" అన్నాడు. కొత్త పంపు రాగానే ఆయన్ని సాగర్ తీసుకెళ్తాను.