హనీ గౌరామీలతో 5 ఏళ్లు

రెండడుగుల ట్యాంక్, 54 లీటర్లు, ఒక స్పాంజ్ ఫిల్టర్. హైదరాబాద్‌లో మా హాల్లో 5 ఏళ్లుగా హనీ గౌరామీలు అనే చిన్న చేపలు పెంచుతున్నాను. అంతకుముందు రెండుసార్లు డ్వార్ఫ్ గౌరామీలు తెచ్చాను. ఎర్ర చారల మధ్య నీలం మెరుపు, ఎంత అందమో! కానీ రెండుసార్లూ నాలుగు నెలలు దాటలేదు. ఫారాల్లో పెంచే ఆ రకంలో ఒక ఇరిడోవైరస్ తిరుగుతోంది, దానికి మందు లేదు. మావి దానివల్లే పోయాయో లేదో పరీక్ష చేయించలేదు గానీ, మూడోసారి కొనడానికి మనసు ఒప్పలేదు.

హనీ గౌరామీ మన దేశపు చేపే. ఈశాన్య భారతం, బంగ్లాదేశ్‌లలో నెమ్మదిగా పారే నీళ్లు దీని ఇల్లు. రెండంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. పొట్ట కింద దారాల్లాంటి రెండు రెక్కలుంటాయి. ట్యాంకులో కొత్తగా ఏది పెట్టినా ముందు వాటితో తడిమి చూస్తుంది.

దీని మొప్పల పైన ఒక అర ఉంటుంది. అందులో మెలికలు తిరిగిన పలుచని పలకలు, వాటి మీద సన్నని రక్తనాళాలు. పైకొచ్చి గుటకేసిన గాలి అక్కడికి చేరుతుంది. బజార్లో కొర్రమీను కాసిన్ని నీళ్లలోనే ప్రాణంతో ఉండటం చూసే ఉంటారు. దాని అవయవం వేరు గానీ జరిగే పని ఇలాంటిదే.

షాపుల్లో ఇదే అవయవం ఉన్న ఫైటర్ చేపను గ్లాసులో పెట్టి "దీనికేమీ అక్కర్లేదు సార్" అని అమ్మేది ఈ శక్తిని చూపించే. నాకు బాగా కోపం వచ్చే మాట ఇది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే ఈ జాతి తట్టుకుంటుంది, నిజమే. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా పెరిగితే మాత్రం మిగతా చేపల్లాగే దీని మొప్పలూ దెబ్బతింటాయి. వెంటనే చావదు కాబట్టి బాగానే ఉందనుకుంటాం. నేను వారానికోసారి పావు వంతు నీళ్లు మారుస్తాను, ఒక్క వారం కూడా మానలేదు.

ఒక వేసవి గాలివానకు 7 గంటలు కరెంటు పోయింది. అదే ట్యాంకులోని టెట్రా చేపలు పైకి తేలి ఆయాసపడుతుంటే మగ్గుతో నీళ్లు ఎత్తిపోస్తూ కూర్చున్నాను. గౌరామీలు మాత్రం ఎప్పటిలాగే తిరిగాయి.

గుడ్ల సంగతి వేరు. మగది గొంతు నుంచి పొట్ట దాకా నల్లబడి, నీళ్లపై తేలే అంతరతామర మొక్క కింద బుడగలతో గూడు కడుతుంది. ఒకటిన్నర రోజుకల్లా గుడ్లలోంచి పిల్లలొచ్చాయి. మొదటి విడత పిల్లలన్నీ మూడు వారాల వయసులో, డిసెంబరు చలిలో పోయాయి. గాలి పీల్చే అవయవం తయారయ్యేది ఇంచుమించు ఆ వయసులోనే. నేనేమో మూత తీసి, పైన ఫ్యాన్ వేసి ఉంచాను, దాంతో అవి పీల్చే గాలి చల్లగా ఉండేది. రెండో విడతకు హీటర్ పెట్టి, నీటికీ మూతకూ మధ్య మూడు వేళ్ల ఖాళీ వదిలి, మూత కదపలేదు. 11 పిల్లలు పెద్దవయ్యాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. బాగా పిరికివి, గుబురుగా మొక్కలు లేకపోతే మూలకు నక్కుతాయి. చిన్న ట్యాంకులో రెండు మగవి పడవు. ఫిల్టర్ నీటిని జోరుగా తిప్పితే అలసిపోతాయి. ఎండిన బాదం ఆకు ఒకటి కడిగి వేస్తే నీళ్లు లేత టీ రంగుకు వచ్చి, అవి కాస్త కుదుటపడతాయి.

షాపు వెలుతురులో పాలిపోయి ఉంటాయి కాబట్టి చాలామంది వీటిని దాటి వెళ్తారు. నేనూ మొదట అలాగే వెళ్లాను. ఇంటికొచ్చిన నెలకు మా మగదానికి తేనె రంగు ఎక్కింది.