బ్యోర్క్ 'మెడూల్లా': తిరుపతి చెవులకి ఎట్లా వినబడుతోంది

"బీట్ యాడుంది సామీ?"

'మెడూల్లా' ఆల్బంలో మూడో పాట నడుస్తుంటే తిరుపతి కుర్రాళ్లు ఎక్కువగా అడిగే మాట ఇది. బీట్ అక్కడే ఉంది. డ్రమ్ముల మీద కాకుండా రాజెల్ అనే అమెరికా బీట్‌బాక్సర్ పెదాల మధ్య పుట్టింది. ఫోను స్పీకర్లో పెడితే మాయమైపోతుంది. అంత చిన్న స్పీకరు రెండు మూడు వందల హెర్ట్జ్‌కి దిగువన చేతులెత్తేస్తుంది, ఆయన నోటితో కొట్టే 'బుమ్' బరువంతా ఉండేది ఆ దిగువనే. ఊళ్లో ఈ ఆల్బం మీద పడుతున్న తిట్లలో సగం నిజానికి ఫోనుకి తగలాల్సినవి. మిగతా సగం న్యాయమైనవే, వాటి సంగతి తర్వాత.

ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ దీన్ని 2004 ఆగస్టులో విడుదల చేసింది. షుగర్‌క్యూబ్స్ బృందం నుంచి బయటికొచ్చాక 1993లో 'డెబ్యూ'తో మొదలైన సోలో వరసలో ఇది ఐదోది. మొత్తం 14 పాటలు, 46 నిమిషాల లోపే. దీనికి ముందు 2001లో వచ్చిన 'వెస్పర్టీన్' నిండా హార్ప్, మ్యూజిక్ బాక్సులు, తీగవాయిద్యాలు. ఇక్కడ వాటన్నిటినీ అటకెక్కించి, దాదాపు అన్ని పాటల్నీ మనుషుల గొంతులతోనే కట్టింది. 'దాదాపు' అనడం ఎందుకంటే, పియానో ఒకచోట పలుకుతుంది, అక్కడక్కడా సింథ్ బేస్ ఉంది, పైగా మార్క్ బెల్ లాంటి ఎలక్ట్రానిక్ సంగీత నిర్మాతలు ఆ గొంతుల్ని కంప్యూటర్లో తరిగి అతికించారు. "ఒక్క వాయిద్యం కూడా లేదంట" అని చెప్పుకునే మాట అంచేత సరికాదు. పేరు లాటిన్ మాట, మూలుగ అని అర్థం. నల్లి బొక్క జుర్రినవాళ్లకి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

సినిమా పాటలు, ఇంగ్లిష్ పాప్ వినేవాళ్లకి ఇది ఎక్కదని, సంగీతం నేర్చినవాళ్లకి ఎక్కుతుందని ఒక అంచనా ఉంది. అది పూర్తిగా నిలబడదు. మృదంగం నేర్చినవాళ్లకి 'వేర్ ఈజ్ ద లైన్', 'ట్రయంఫ్ ఆఫ్ ఎ హార్ట్' ఒక్క వినికిడిలోనే పట్టుబడతాయి. చేతికి పాఠం రాకముందు నోటికి సొల్లుకట్టు (తకధిమి లాంటి జతులు) వచ్చినవాళ్లు వాళ్లు. నోటితో తాళం నడిపితే వింతేముంది? చివరి పాటలో రాజెల్‌తో పాటు జపాన్ బీట్‌బాక్సర్ దొకాకా కూడా ఉన్నాడు. రాజెల్ దెబ్బ మిషను మీద కోసినట్టు కచ్చితంగా పడుతుంది. దొకాకాది ఆటలో ఉన్న పిల్లాడి నోరు, వాయిద్యాల్ని వెక్కిరిస్తూ పోతుంది. ఇద్దర్నీ విడదీసి వినడమే ఆ పాటలో సగం సరదా.

గాత్రం నేర్చినవాళ్లు ఇంకోచోట ఆగిపోతున్నారు. ఊపిరి దగ్గర. గాత్ర పాఠంలో గురువులు మొదటి నుంచీ చెప్పేది శ్వాస తీసుకోవడం వినబడకూడదని, పదం విరగని చోట తీసుకోవాలని. ఈ ఆల్బంలో శ్వాసే సరుకు. మొదటి పాట 'ప్లెజర్ ఈజ్ ఆల్ మైన్'లోనే ఎగశ్వాసలు లయగా పరిచి ఉంటాయి. అవి తానియా టాగాక్‌వి. కెనడాలో నూనవుట్ ప్రాంతంలోని కేంబ్రిడ్జ్ బేకి చెందిన ఇన్యూట్ గాయని. వాళ్ల సంప్రదాయంలో ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి, ఒకరి ఊపిరి సందులో ఇంకొకరు శబ్దం దూరుస్తూ పోతారు. లోపలికి పీల్చేటప్పుడూ గొంతు పలుకుతుంది, బయటికి వదిలేటప్పుడూ పలుకుతుంది. ఎవరికి ముందు నవ్వొస్తే, ఎవరికి ఊపిరి చాలకపోతే వాళ్లు ఓడినట్టు. మన ఒప్పులకుప్ప లాంటి ఆటే అనుకోండి, గిరగిర తిరిగేది ఇక్కడ ఊపిరి. టాగాక్ ఆ ఇద్దరి పనినీ ఒక్కతే చేస్తుంది. 11వ పాట 'యాన్సెస్టర్స్' నాలుగు నిమిషాల పైచిలుకు ఇదే. మాటల్లేవు, పక్కన పియానో ఉంది, పైన బ్యోర్క్ కూనిరాగం. అభిమానులు రెండుగా చీలేది ఇక్కడే. ఆల్బంకి ప్రాణం ఇదేనన్నవాళ్లున్నారు, రెండో నిమిషంలో దాటేసినవాళ్లున్నారు. అద్భుతమైన గాత్రమే అయినా పాటగా అది పొడవెక్కువ, రెండున్నర నిమిషాల దగ్గర ఆపి ఉంటే బాగుండేది. అలిపిరి మెట్లెక్కుతూ ఇయర్‌ఫోన్లలో పెట్టుకున్నవాళ్లకి మాత్రం భలే కుదురుతుంది, గాలిగోపురం చేరేసరికి ఎవరి ఆయాసం ఎవరిదో తెలీదు.

భాష అడ్డమన్న ఫిర్యాదు చిత్తూరు వైపు నుంచి దాదాపు రాలేదు. రావడానికి వీల్లేదు కూడా. ఇటు తమిళం, అటు కన్నడం, అర్థమైనా కాకపోయినా చిన్నప్పటి నుంచీ చెవిలో పోసుకున్న ప్రాంతం ఇది. ఐస్‌లాండిక్ పాట 'వోకూరో'ని ఇక్కడివాళ్లు జోలపాటలా పట్టుకున్నారు. అది బ్యోర్క్ కట్టిన పాట కాదు. యోరున్ విదార్ స్వరపరిస్తే, సాహిత్యం యాకోబీనా సిగుర్దార్‌దోత్తిర్‌ది. ఐస్‌లాండిక్ బృందగానం వెనక మెల్లగా మేఘంలా కమ్ముకుంటుంది, బ్యోర్క్ గొంతు ఆ మధ్యలో ఎక్కడా తొందరపడదు. ఆల్బం మొత్తంలో ఇంట్లో పెద్దవాళ్లు "ఇంకోసారి పెట్టు" అనే పాట ఇదొక్కటే.

'ఓషియానియా' కథ చాలామందికి తెలుసు. 2004 ఆగస్టు 13న ఏథెన్స్ ఒలింపిక్స్ ప్రారంభంలో పాడింది, ఆవిడ గౌను విచ్చుకుని మైదానంలో ఉన్న క్రీడాకారుల తలలమీద సముద్రంలా పరుచుకుంది. సాహిత్యం ఐస్‌లాండ్ కవి స్యోన్‌ది. సముద్రమే తల్లిలా మనుషులతో మాట్లాడుతుంది, మీ చెమటలోని ఉప్పు నాదేనంటుంది. వినాల్సింది లండన్ బృందగానం చేసే జారుడు. స్వరం మీద నిలబడకుండా కిందినుంచి పైకి చేపల గుంపులా జారిపోతారు. జారు గమకం తెలిసినవాళ్లు ఒక్క విషయం గమనించాలి: ఇక్కడ జారుకి గమ్యస్వరం మీద వాలడం లేదు, పైకెళ్లి కరిగిపోతుంది. అందుకే మొదటిసారి అపశ్రుతిలా అనిపిస్తుంది. రెండోసారికి ఆ అనుమానం పోతుంది.

ఇక ఎట్లా వినాలన్నది. ఈ ఆల్బంకి ఖరీదైన సామాను అక్కర్లేదు గానీ, పొరపాట్లు మాత్రం క్షమించదు. తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్ చాలు, చెవిలో గట్టిగా కూర్చోవాలి. పెట్టెలో చిన్న, మధ్య, పెద్ద రబ్బరు బుడిపెలు మూడు జతలు ఇస్తారు కదా, మధ్యవి పెట్టుకుని చాలామంది మిగతావి పారేస్తారు. చెవికీ బుడిపెకీ మధ్య సందు ఉంటే ముందు పారిపోయేది బేసే. ఆరో పాట 'హూ ఈజ్ ఇట్' పెట్టి చూడండి. రాజెల్ దెబ్బ చెవిలో బరువుగా తగలకపోతే బుడిపె సైజు మార్చండి. బేస్ బూస్ట్ నొక్కడం దీనికి మందు కాదు, అది ఆయన్ని ఉబ్బించి బ్యోర్క్ మంద్రస్వరాల్ని మింగేస్తుంది.

ఫోను సెట్టింగుల్లో మోనో ఆడియో ఆన్‌లో ఉందేమో చూసుకోవాలి. బృందగానం ఎడమా కుడీ పంచిపెట్టిన ఆల్బం ఇది, రెండూ కలిపేస్తే కోరస్ అంతా ముద్దపప్పు. పాటల యాప్‌లో అన్ని పాటల్నీ ఒకే గట్టితనానికి తెచ్చే సదుపాయం ఉంటుంది, దాన్నీ ఆపాలి. రెండో పాట 'షో మీ ఫర్‌గివ్‌నెస్' నిమిషం 23 సెకన్లు, ఒంటరి గొంతు, ఖాళీ గుళ్లో పాడినట్టు ఉంటుంది. వెంటనే 'వేర్ ఈజ్ ద లైన్' అమెరికా రాక్ గాయకుడు మైక్ పాటన్ గుర్రుతో, బృందగానంతో మీదపడుతుంది. ఆ ఎత్తుపల్లాలు చదును చేస్తే రెండు పాటలూ చెడతాయి. రెండో పాట సన్నగా ఉందని వాల్యూం పెంచేవాళ్లు మూడోదానికి చెవులు మూసుకుంటారు, ముందు మూడోదానికి సరిపెట్టుకుని తర్వాత మొదటికి వెళ్లడం మేలు. పాట చివర పాటని కలిపే క్రాస్‌ఫేడ్ సున్నా చేయాలి. షఫుల్ అసలే వద్దు.

డేటా పొదుపు కోసం 128 కేబీపీఎస్‌లో దించుకుంటే మొత్తం 44 ఎంబీ, 320లో 110 ఎంబీ. ఆ తేడా డబ్బులు మిగుల్చుకోవాల్సిన చోటు ఇది కాదు. తక్కువ రేటులో ముందు దెబ్బతినేవి స, ష, చ లాంటి ఊదుడు అక్షరాలు, ఊపిరి శబ్దాలు, పదిమంది కలిసి పాడే గుంపు గొంతులు. ఈ ఆల్బంలో ఉన్నవి అవే. ఊపిరి నీళ్లలో బుడగల్లా గుడగుడమంటే ఫైలు తప్పే. తిరుమల ఘాట్ బస్సులో వినడం కూడా దండగ, ఇంజను హోరు, రాజెల్ బేస్ ఒకే చోట కూర్చుంటాయి.

కొత్తగా వినేవాళ్లు వరసగా మొదలుపెట్టకపోతే నయం. ముందు 'హూ ఈజ్ ఇట్', అది అచ్చమైన పాప్ పాట, పల్లవి తిరిగి తిరిగి వస్తుంది. తర్వాత 'ఓషియానియా', 'వోకూరో'. ఆ మూడూ నచ్చితే 'సబ్‌మెరీన్', ఇంగ్లండ్ గాయకుడు రాబర్ట్ వయట్ గొంతు పొరలు పొరలుగా ఉండేది. ఎనిమిదోది 'డిజైర్డ్ కాన్‌స్టెలేషన్' చీకట్లో వినాలి. వెనక ఇసక రాలినట్టు చిటపటలాడే శబ్దం, వెస్పర్టీన్‌లోని 'హిడెన్ ప్లేస్' పాటలో ఆవిడ గొంతు నుంచి తీసిన ముక్కని పొడిచేసి చేసింది. పాత కీర్తనలో ఒక్క సంగతిని తీసి కొత్త రాగమంతా అల్లినట్టు. ఆ తర్వాత మొదటి నుంచి వరసగా.

విన్న ఊపులో తామూ గొంతు మీద గొంతు పేర్చి పాట చేద్దామనుకునేవాళ్లలో ఎక్కువమంది ఒకేచోట బోర్లా పడతారు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తో రికార్డ్ చేస్తారు. అందులో శబ్దం చెవికి చేరేసరికి సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఆలస్యం. రెండో గొంతు అంత వెనకబడుతుంది, మూడోదానికి ఎవరి తాళం పట్టుకోవాలో తెలీదు. తీగ ఇయర్‌ఫోనే వాడాలి. ముందు సొంత శ్రుతిలో, శ్రుతిపెట్టె లెక్కలో ఆడవాళ్లకి అయిదున్నరో మగవాళ్లకి ఒకటిన్నరో, ముప్పై సెకన్లు 'ఊ' పట్టాలి. ఒక్క ఊపిరిలో చాలామందికి రాదు, అందుకని అదే రెండుసార్లు రికార్డ్ చేసి, రెండోసారి వేరే చోట ఊపిరి తీసుకోవాలి. కలిపితే ఊపిరి తెగిన చోటు వినబడదు, బృందగానాల్లో వాడే ఉపాయమే ఇది. ఒకదాన్ని ఎడమకి సగం, ఇంకోదాన్ని కుడికి సగం జరిపి, పైన పంచమం చేర్చాలి. నోటి దెబ్బల దగ్గర మైకు జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉండాలి. ఎదురుగా ఉంటే 'బ్' అన్నప్పుడు గాలి తగిలి పగిలిపోతుంది. ఫ్యాన్ ఆపడం మర్చిపోవద్దు. ఎనిమిది వరసలు పేర్చితే దాని హోరు కూడా ఎనిమిదిసార్లు చేరుతుంది, మే నెల తిరుపతిలో ఈ సలహా క్రూరమే అయినా.

న్యాయమైన తిట్లంటే, 'మౌత్స్ క్రేడిల్' మీద పడ్డవి. నాలుగు నిమిషాల్లో అన్ని గొంతులూ ఒకేసారి మాట్లాడతాయి, గంగజాతర రోజు తాతయ్యగుంట సందులా ఊపిరాడదు. 'ఓల్ బిర్తన్', 'మిద్వికుదాగ్స్' రెండూ రెండు నిమిషాల్లోపు ముక్కలు. వరసలో వింటే వంతెనల్లా పనికొస్తాయి గానీ విడిగా నిలబడవు. అమెరికా కవి ఈ. ఈ. కమింగ్స్ పద్యానికి కట్టిన 'సానెట్స్/అన్‌రియాలిటీస్ 11' కూడా అంత చిన్నదే, అది మాత్రం నిలబడుతుంది, రెండు నిమిషాల్లో కళ్లు చెమ్మగిల్లజేస్తుంది. 2005 గ్రామీల్లో ఈ ఆల్బం ఆల్టర్నేటివ్ విభాగంలోనూ, 'ఓషియానియా' పాప్ గాయని విభాగంలోనూ నామినేషన్ దాకా వెళ్లాయి. ఒకే ఆల్బం రెండు గూళ్లలో కూర్చోవడం చూస్తే, ఇది పాప్ అవునా కాదా అని కొట్టుకునేవాళ్లు తిరుపతిలోనే కాదు, బయటా ఉన్నారని తెలుస్తుంది.

మ్యూజిక్ పెట్టుకుని వంట చేసుకునేవాళ్లకి, స్నేహితులొస్తే వెనక ఏదో మోగాలనుకునేవాళ్లకి ఇది వద్దు. రాత్రి పదిన్నర తర్వాత, తలుపేసుకుని, వరసగా 46 నిమిషాలు ఇవ్వగలిగినవాళ్లకే. పగలు స్పీకర్లో పెట్టాల్సి వస్తే 'యాన్సెస్టర్స్' దాటేయండి. ఎవరికో ఆయాసం ఎగదన్నిందని పక్కింటివాళ్లు మంచినీళ్ల చెంబుతో వచ్చేస్తారు.