పిల్లలపై ఇష్టమా, సబ్జెక్టుపై మోజా, జీతంపై చూపా: కాబోయే టీచరుకు ఏది మేలు?

ఈ వృత్తిలోకి ఎందుకొచ్చారని ఛాత్రోపాధ్యాయులను, అంటే టీచరు శిక్షణలో ఉన్నవారిని, అడిగితే ఎక్కువగా వినిపించే జవాబులు మూడు. పిల్లలంటే ఇష్టం. ఈ సబ్జెక్టంటే ప్రాణం. మూడోది కాస్త గొంతు తగ్గించి చెబుతారు: ఉద్యోగం, జీతం, సెలవులు.

మార్కులెప్పుడూ మొదటి జవాబుకే. నా అనుమానమూ దాని మీదే. తామిచ్చే ఇష్టానికి బదులుగా ఇష్టం రావాలని ఎదురుచూసేవారు టీచింగ్ ప్రాక్టీసు మొదటి వారంలోనే డీలాపడతారు. వెనక బెంచీలో ఎవరు నవ్వినా తమను చూసే అనుకుంటారు. కొత్తలో టీచరు బెంగంతా తన గురించేననీ, పిల్లలు ఏం నేర్చుకుంటున్నారన్న బెంగ తర్వాత మొదలవుతుందనీ 1969లోనే అమెరికా విద్యా పరిశోధకురాలు ఫ్రాన్సెస్ ఫుల్లర్ చెప్పారు. మెప్పు కోరే ఇష్టం ఆ మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది.

ఒక పిల్లాడు 1/2 + 1/3 = 2/5 అని రాశాడనుకుందాం. మొదటి రకం టీచరు "పర్లేదులే నాన్నా, మళ్లీ చేద్దువు" అంటారు. జీతం కోసం వచ్చినవారు 5/6 అని బోర్డు మీద రాసి ముందుకెళ్లిపోతారు. సబ్జెక్టు పిచ్చి ఉన్నవారు ఆగుతారు. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడాడని కనిపెట్టి, "సగం కన్నా 2/5 ఎక్కువా, తక్కువా?" అని అడుగుతారు. వీళ్లకూ లోపాలున్నాయి. నలభై నిమిషాల పీరియడ్‌కు రెండు గంటల సరుకు మోసుకొస్తారు. "ఇంత తేలికైనదీ రాదా?" అని విసుక్కుంటారు.

జీతం చూసి వచ్చినవారికి భ్రమలు లేవు, అది మంచిదే. వాళ్లలో కనిపించే "ఇందులో ఏముందిలే" అన్న ధీమాతోనే చిక్కు. నిజానికి అది అందరిలోనూ ఎంతోకొంత ఉంటుంది. బడి చదువు పూర్తయ్యేసరికి విద్యార్థి టీచర్ల ఎదుట సుమారు 13,000 గంటలు గడుపుతాడని 1975లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ లెక్కగట్టారు. అన్ని గంటలూ బెంచీ వైపు నుంచి చూసినవే. ముందురాత్రి రాసుకున్న పాఠ్యపథకం అక్కడికి కనిపించదు.

ఎవరిది ఏ రకమో వైఖరి మాపనితో, అంటే వాక్యాలకు ఒప్పుకుంటారో లేదో టిక్కు పెట్టించే ప్రశ్నావళితో, తేల్చడం కష్టం. "బోధన ఉన్నతమైన వృత్తి" అన్న వాక్యం ఎదురైతే ఎక్కడ టిక్కు పెట్టాలో ఛాత్రోపాధ్యాయులకు ఎవరూ చెప్పనక్కర్లేదు!

ఎంచుకోమంటే నా ఓటు సబ్జెక్టు పిచ్చి ఉన్నవారికే. వాళ్ల విసుగును ప్రాక్టీసు పాఠాలు చూసే పరిశీలకులు ఎత్తిచూపి దిద్దవచ్చు. కుతూహలాన్ని అలా అరువివ్వడం కుదరదు. నేనైతే ప్రశ్నావళి పక్కనపెట్టి, ప్రాక్టీసు పాఠం కాగానే ఒక్కటే అడుగుతాను: ఇవాళ మీ క్లాసులో వచ్చిన తప్పు జవాబొకటి చెప్పండి, అదెలా వచ్చిందో కూడా.