రైక్స్ మ్యూజియం బొమ్మలు చూసి ఇంకు గీతలు నేర్చుకున్నా: మూడున్నరేళ్ల తర్వాత నా మాట

ఇదంతా జూమ్ గురించే, అంటే స్క్రీన్ మీద బొమ్మను వేళ్లతో పెద్దది చేసి చూడడం గురించి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం తన బొమ్మల్ని వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడనిస్తుందని, డౌన్‌లోడ్ కూడా చేసుకోనిస్తుందని చాలామందికి తెలుసు. ఆ సంగతులు మళ్లీ చెప్పను. దాన్ని చూసి ఇంట్లో కూర్చుని చెయ్యి తిప్పుకోవచ్చా, నాకు ఎక్కడ దెబ్బ తగిలింది, అదొక్కటే చెప్తాను.

నేను కర్నూలు పాతబస్తీలో బోర్డులు రాసేవాణ్ణి. షాపుల పేర్లు, లారీల వెనక రాతలు, ఎన్నికలప్పుడు గోడలు. ఫ్లెక్స్ వచ్చాక పని బాగా పడిపోయింది, సాయంత్రాలు ఖాళీ అయ్యాయి. ఎనామెల్ పెయింట్‌తో రంగులో రంగు కలిపి నీడ తెప్పించడం నాకు వచ్చు. ఒట్టి గీతలతో, గీత పక్కన గీత వేసి నీడ తెప్పించే హ్యాచింగ్ మాత్రం ఎప్పుడూ నేర్చుకోలేదు. నేర్పేవాళ్లు దగ్గర్లో ఎవరూ కనపడలేదు. మా అబ్బాయి పక్కన పడేసిన ట్యాబ్ తీసుకుని మొదలుపెట్టాను.

మొదటి నెల నిద్ర పట్టలేదంటే నమ్మండి. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1642లో వేసిన నైట్ వాచ్ అనే బొమ్మ దాదాపు 3.8 మీటర్ల ఎత్తు, 4.5 మీటర్ల వెడల్పు. దాన్ని 8,439 ఫోటోలుగా తీసి ఒకటిగా అతికించి, 717 గిగాపిక్సెల్, అంటే 71,700 కోట్ల చుక్కల బొమ్మగా 2022 జనవరిలో పెట్టారు. వేళ్లతో లాగేకొద్దీ లోపలికి పోతూనే ఉంటుంది. రంగు మీద పగుళ్లు లెక్కపెట్టుకోవచ్చు. మ్యూజియంకి వెళ్లి నిలబడినవాడు కూడా ఇంత దగ్గరగా చూడలేడని కనపడిన ప్రతివాళ్లకీ చెప్పాను. ఇప్పుడడిగితే ఆ మాట సగం వరకే నిజమంటాను.

ఎందుకంటే, నేర్చుకోవడానికి నేను ఎంచుకున్నది నైట్ వాచ్ కాదు. రెంబ్రాంట్ 1630లో అద్దంలో చూసుకుని గీసుకున్న తన ముఖం. తల మీద టోపీ, కళ్లు పెద్దవి చేసి, నోరు తెరిచి, ఎవరో వెనక నుంచి వచ్చి భయపెట్టినట్టు ఉంటుంది. అది ఎచింగ్. రాగి రేకు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీస్తారు. గీసినచోట పూత లేచి రాగి బయటపడుతుంది. ఆసిడ్‌లో పెడితే ఆ గీతల దగ్గర మాత్రమే రాగిని తినేసి గాడి పడుతుంది. గాడిలో ఇంకు నింపి, తడి కాగితం పరిచి, ప్రెస్‌లో ఒత్తి అచ్చు తీస్తారు. మొత్తం గీతలే, రంగు కలపడం అనేదే లేదు. నాకు కావలసింది అదే అనిపించింది.

ట్యాబ్‌లో ముఖం స్క్రీన్ నిండా వచ్చేదాకా జూమ్ చేశాను. బోర్డు పనిలో మేం చేసేదే చేశాను: బొమ్మ మీద గళ్లు వేసుకుని, ఏ3 కాగితం మీద అవే గళ్లు పెద్దవిగా గీసి, గడి గడికీ ఎక్కించడం. చెంప కింద ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టి అన్నే వేశాను. రెండు నెలలు. మే నెలలో మిద్దె మీది గదిలో ఫ్యాన్ కింద కూర్చుంటే నిబ్బులోనే ఇంకు ఆరిపోయేది, కడిగి కడిగి గీసేవాణ్ణి. పదకొండు కాగితాలు పూర్తిచేశాను. పదకొండూ జల్లెడ కట్టినట్టే ఉన్నాయి. గీతలు లెక్కకు సరిగ్గా ఉన్నాయి, గళ్లు తప్పలేదు, ముఖంలో మాత్రం ప్రాణం లేదు. ఆ భయం లేదు, తెరిచిన నోరు తెరిచినట్టు లేదు. ముప్పై ఏళ్లు బ్రష్ పట్టిన చెయ్యి, నిబ్బు పట్టడానికి ఇక పనికిరాదేమోనని నిజంగా బాధపడ్డాను.

ఒకరోజు మా అమ్మాయి పక్కన కూర్చుని ట్యాబ్ తీసుకుని కిందికి జరిపింది. ఇంగ్లీషులో ఉన్న వివరాలు నేను ఎప్పుడూ చదవలేదు, బొమ్మ కనపడితే చాలనుకునేవాణ్ణి.

"నాయనా, కింద కొలతలు చూసినావా? ఎత్తు 51 మిల్లీమీటర్లు, వెడల్పు 46 అంట."

"సెంటీమీటర్లు అయ్యుంటాయిలేమ్మా."

"కాదు నాయనా, మిల్లీమీటర్లే."

స్కేలు తీసుకుని ఒక ముక్క కాగితం ఆ కొలతకు కత్తిరించాను. అగ్గిపెట్టె కంటే కాస్త వెడల్పు, అంతే. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఆ ముఖం, ఆ టోపీ, ఆ భయం మొత్తం ఇంతలోనే ఉంది. నేను దాన్ని ఆరు రెట్లు పెంచి గీస్తున్నాను. రెండు మిల్లీమీటర్ల గీత నా కాగితం మీద పన్నెండు మిల్లీమీటర్లయింది. అతను వేలికొసతో చటుక్కున విసిరిన గీతను నేను మణికట్టు ఆనించి మెల్లగా లాగుతున్నాను. జూమ్ చేస్తే గీత పొడవు పెరుగుతుంది, వంకర పెరుగుతుంది. ఆ చెయ్యి ఎంత వేగంగా కదిలిందో అది మాత్రం కనపడదు. నా బొమ్మల్లో లేనిది ఆ వేగమే.

ఇది నాకు తెలియని విషయమూ కాదు. మూడంగుళాల అక్షరాన్ని మూడడుగులు చేసేటప్పుడు బ్రష్ మారుస్తాం, చెయ్యి భుజం నుంచి తిప్పుతాం. ఆ తెలివి బోర్డు దగ్గర ఉంది, ట్యాబ్ ముందు కూర్చునేసరికి పోయింది. స్క్రీన్ మీద అన్ని బొమ్మలూ ఒకటే సైజు. నాలుగున్నర మీటర్ల నైట్ వాచ్, అయిదు సెంటీమీటర్ల ముఖం, రెండూ నా ట్యాబ్‌లో పదంగుళాలే. ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపం ఉంది. కొలత పేజీలోనే ఉంది, దాచలేదు. కానీ నేర్చుకునేవాడికి అన్నిటికంటే ముందు కనపడాల్సింది వివరాల్లో అడుగున ఉంది.

సరే, అసలు సైజులో ప్రింట్ తీసుకుందామని జెరాక్స్ షాపుకు పోతే అక్కడా అదే గొడవ. పిల్లవాడు బటన్ నొక్కాడు, ముఖం ఏ4 నిండా వచ్చింది. "అన్నా, ఫిట్ టు పేజ్ ఉండింది, ఆగు" అని మళ్లీ తీశాడు. మీరు తీయించుకుంటే వెడల్పు 4.6 సెంటీమీటర్లు అని టైప్ చేయించి, వచ్చిన కాగితాన్ని స్కేలుతో కొలిచి మరీ తీసుకోండి.

అక్కడి నుంచి పని సాగింది. 0.05 అనే సన్నమొన పెన్ను కొని అసలు కొలతలోనే గీయడం మొదలుపెట్టాను. మొదటి వారంలోనే తేడా కనపడింది. జూమ్ వాడటం మానలేదు, వాడే తీరు మార్చాను. ముందు అసలు సైజులో గీస్తాను. ఎక్కడైనా నల్లగా ముద్దగా అయిపోతే అప్పుడు ఆ మూల ఒక్కటే జూమ్ చేసి, అతను అక్కడ ఎన్ని గీతలు వదిలేశాడో చూస్తాను. వేసినవాటికంటే వదిలేసినవే ఎక్కువ నేర్పాయి. ముక్కు పక్కన, నుదుటి మీద ఒట్టి కాగితమే ఉంటుంది.

ఇంకొకటి ఎదురుచూడకుండా దొరికింది. నీడ గీతలు వేసేటప్పుడు చాలాచోట్ల నా చేతికి ఎదురుగా పోతున్నట్టుండేది. కుడిచేత్తో గీస్తే గీత మామూలుగా కుడి పై నుంచి ఎడమ కిందికి వాలుతుంది. ఇక్కడ తిరగబడి ఉంది. ఎచింగ్ అచ్చు కాబట్టి రేకు మీద గీసింది కాగితం మీద తిరగబడి పడుతుందన్న సంగతి తట్టేసరికి ఒళ్లు జలదరించింది. షాపు అద్దాలకు లోపలివైపు నుంచి అక్షరాలు తిరగేసి రాసిన చెయ్యి నాది. ట్యాబ్ గ్యాలరీలో బొమ్మను ఫ్లిప్ చేసి, అంటే కుడి ఎడమలు తిరగేసి ముందు పెట్టుకున్నాను. రెంబ్రాంట్ రేకు మీద చూసిన బొమ్మ అదే. ఆ రోజు గీతలు వాటంతటవే పోయాయి. మ్యూజియం ఏం నేర్పిందని ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది ఆ సాయంత్రమే.

రంగులు నేర్చుకోవాలంటే మాత్రం నేను దీన్ని గట్టిగా సిఫార్సు చేయలేను. ఒకే బొమ్మ ట్యాబ్‌లో ఒకలా, ఫోన్‌లో ఇంకోలా ఉంటుంది. ఇంకో డచ్ చిత్రకారుడు వర్మీర్ వేసిన పాలుపోసే పనిమనిషి బొమ్మలో రొట్టె మీద తెల్లచుక్కలు కనపడతాయి, రంగు ఎంత మందంగా పెట్టాడో చేతికి తెలియదు. గీతకైతే ఆ ఇబ్బంది తక్కువ. ఒక అచ్చుకూ ఇంకో అచ్చుకూ తేడా చూడాలంటే న్యూయార్క్ మెట్ మ్యూజియం సైట్ కూడా తెరవండి, వాళ్లు కూడా 2017 నుంచి చాలా బొమ్మల్ని ఇలాగే ఉచితంగా పెట్టారు. ఒకే రేకు నుంచి తీసినవే అయినా ఇంకు నలుపులో తేడా ఉంటుంది.

నా చేతికి ముప్పై ఏళ్ల అలవాటు ఉంది, ఇంగ్లీషు చదివి చెప్పడానికి ఇంట్లో కూతురుంది. ఈ రెండూ లేని పిల్లలు ఒంటరిగా మొదలుపెడితే ఎంత దూరం పోతారో నేను హామీ ఇవ్వలేను. నేర్పే మాస్టారు అందుబాటులో ఉంటే ముందు ఆయన దగ్గరికే పంపుతాను. నాలాగా పని తగ్గి, చెయ్యి ఊరుకోక ఉన్నవాళ్లకైతే ఇంతకంటే దగ్గరి తోవ నాకు కనపడలేదు.

ఇప్పుడు రెంబ్రాంట్‌దే, 1643 నాటి 'మూడు చెట్లు' అనే ఎచింగ్ పట్టుకున్నాను. 213 మిల్లీమీటర్ల ఎత్తు, 279 వెడల్పు, ఏ4 మీద కొద్దిలో పట్టదు, ఏ3 కాగితం మీద అసలు కొలతకే సరిపోతుంది. ఎడమవైపు పైన స్కేలు పెట్టి గీసినట్టున్న వాన గీతలు అయ్యాయి. చెట్ల కింద చీకట్లో ఇంకా ఏదో ఉంది, అక్కడ జూమ్ చేయకుండా నాలుగు రోజులుగా ఆగుతున్నాను.